బాగా తిరిగిన టర్బో స్పోర్ట్స్ కారు కొన్నారా?

అయితే ముందు ఆయిల్ సంగతి చూడండి. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరగగలదు, దాన్ని కాపాడేది బేరింగుల్లోని పల్చటి ఆయిల్ పొరే, అందుకే కంపెనీ చెప్పిన గడువు దాకా ఆగకుండా ఇంకా ముందే మంచి సింథటిక్ ఆయిల్, ఫిల్టర్ మార్చేయండి. ఆయిల్ మట్టం చూపే డిప్‌స్టిక్ వారం వారం చూడాల్సిందే. స్టార్ట్ చేయగానే గట్టిగా తొక్కొద్దు. వేగంగా నడిపాక చివరి రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా రండి, లేదంటే ఆ వేడికి ఆయిల్ మాడి బేరింగుల దగ్గర మసి కడుతుంది.

పికప్ తగ్గితే వెంటనే టర్బో మార్చేయకండి, పగిలిన రబ్బరు గొట్టమో, వదులైన క్లాంపో కావచ్చు, ముందు బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) ఎక్కడైనా కారుతోందా అని చూసే బూస్ట్ లీక్ టెస్ట్ చేయించండి, బోలెడు డబ్బు మిగులుతుంది. నీలం పొగ వస్తే ఆయిల్ మండుతున్నట్టే, అది వాయిదా వేయొద్దు. ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి బూస్ట్ పెంచే రీమ్యాప్ గురించి, సిలిండర్లు ఒత్తిడిని సరిగ్గా నిలుపుతున్నాయో చూసే కంప్రెషన్ టెస్ట్ చేయించాకే ఆలోచించండి.