కారు డిక్కీలో నీళ్లు చేరుతుంటే ఏం చేయాలి?

వాన వెలిసిన మర్నాడు డిక్కీ తీస్తే ముక్కవాసన గుప్పుమంటుంది. మ్యాట్ మీద చెయ్యి వేస్తే పొడిగానే తగులుతుంది. అనుమానంతో మ్యాట్ ఎత్తి కింద స్టెప్నీ ఉండే గుంటలోకి చూస్తే, టైరు నీళ్లలో కూర్చుని ఉంటుంది. డిక్కీ లీకవుతోందని చాలామందికి తెలిసేది ఇలాగే, అదీ కొన్ని వారాలు ఆలస్యంగా. బ్రేక్ వేసినప్పుడు వెనకాల నీళ్లు కదిలిన చప్పుడు విని పట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

అప్పుడు అందరం చేసే పని ఒకటుంది. ఒక సీలెంట్ ట్యూబు తెచ్చి డిక్కీ తలుపు చుట్టూ రబ్బరుకి పూసేస్తాం. నేనూ అదే చేశాను, రెండుసార్లు. మూడో వానకి గుంటలో మళ్లీ నీళ్లు. చివరికి దొరికిందేమిటంటే, ఎడమ టెయిల్ లైట్ వెనక నీళ్లు దిగకుండా ఉండే స్పాంజి పట్టీ, అదే గాస్కెట్, ఒక మూల నలిగిపోయింది. నీళ్లు అక్కడ దిగి, లోపలి రేకు వెంబడి జారుకుంటూ గుంటలోకి వెళ్తున్నాయి. రబ్బరుకి ఏ రోగమూ లేదు. నేను పూసిన సీలెంట్ గీకడానికి మాత్రం ఒక ఆదివారం పట్టింది.

నీరు పల్లమెరుగు. డిక్కీలో అన్నిటికంటే పల్లం స్టెప్నీ గుంట కాబట్టి పైన ఎక్కడ దిగినా చివరికి అక్కడికే చేరుతుంది. అందుకే తడి కనిపించిన చోట చిల్లు వెతకొద్దు. నీళ్లు ఏ దారిన వచ్చాయో వెనక్కి పట్టుకుంటూ వెళ్లాలి. ఈ పనిలో ముప్పావు వంతు అదే. దారి దొరికాక మరమ్మతు చాలాసార్లు అరగంటలో అయిపోతుంది.

మొదటి పని: ఖాళీ చేసి, పూర్తిగా ఆరబెట్టడం

సామాన్లన్నీ బయటపెట్టండి. నవ్వకండి గానీ, ముందు లోపల పడి ఉన్న నీళ్ల సీసాలు, కూలెంట్ డబ్బాలు చూడండి. మూత సరిగ్గా లేని సీసా కోసం కారంతా విప్పుకున్నవాళ్లున్నారు. తర్వాత మ్యాట్, దాని కింద అట్ట, స్టెప్నీ, జాకీ, పానాలు అన్నీ తీసేయండి. పక్కలనున్న ప్లాస్టిక్, ఫెల్టు ప్యానెళ్లు కూడా తీస్తేనే లోపలి రేకు కనిపిస్తుంది. అవి సాధారణంగా ప్లాస్టిక్ క్లిప్పుల మీద ఉంటాయి. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే క్లిప్పులు విరుగుతాయి. ప్లాస్టిక్ బద్ద లాంటిదేదైనా క్లిప్పు పక్కనే దూర్చి మెల్లగా లేపండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని కార్లకి బ్యాటరీ డిక్కీలోనే ఉంటుంది. ఆంప్లిఫయర్లు, రకరకాల కంట్రోల్ యూనిట్లు కూడా ఆ పక్క గూళ్లలో పెడతారు. అవి తడిసి ఉంటే బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, ఆరాకే మళ్లీ పెట్టండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్లు కనిపిస్తే వాటి జోలికి వెళ్లకండి. అవి హై వోల్టేజి తీగలు. వాటి దగ్గర నీళ్లు నిలిచి ఉంటే ఇక ఇంట్లో చేసే పని కాదు, సర్వీస్ సెంటర్‌కి చెప్పాల్సిందే.

గుంటలో నీళ్లు ఎక్కువ ఉంటే అడుగున ఉండే రబ్బరు బిరడా తీస్తే కిందికి పోతాయి. మిగిలిన తడి పాత తువ్వాలుతో అద్దేయండి. తీసిన బిరడాని మాత్రం జేబులో మర్చిపోకండి. నీళ్లు పోవడానికి దారి ఉంటుంది కదా అని కొందరు దాన్ని అలాగే తెరిచి ఉంచేస్తారు. ఆ దారినే దుమ్ము, రోడ్డు నీళ్లు, పొగ గొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తాయి. ఆ కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషిని చంపగలదు.

తుడవడానికి ముందు మాత్రం రేకుని టార్చి వేసి బాగా చూసుకోండి, ఫోన్‌లో ఫోటోలు తీసి పెట్టుకోండి. నీళ్లు పారిన చోట మట్టి చారలు, తుప్పు గీతలు మిగిలి ఉంటాయి. నాకు అసలు ఆధారం దొరికింది అక్కడే. టెయిల్ లైట్ కింద నుంచి గుంట అంచు దాకా వేలెడు వెడల్పున మట్టి చార ఉంది. మొదటి రెండుసార్లు దాన్నే శుభ్రంగా తుడిచి పారేశాను.

ఎప్పుడు చేరుతున్నాయో గమనించండి

ఆగి ఉన్న కారులో కూడా చేరుతున్నాయంటే నీళ్లు పైనుంచి దిగుతున్నాయి. తడి రోడ్డు మీద నడిపినప్పుడు మాత్రమే అయితే చక్రాలు చిమ్మే నీళ్లు కింది నుంచి వస్తున్నాయన్నమాట. బిరడాలు, చక్రం పైభాగపు అతుకులు, బంపర్ వెనక భాగాలు చూడాలి. వెనక అద్దానికి వైపర్ ఉన్న కార్లలో, వాన లేకుండానే తడి కనిపిస్తే వాషర్ పైపుని అనుమానించండి. ఆ సన్న పైపు కారు పైకప్పు లోపలినుంచి వచ్చి వెనక తలుపులోకి వెళ్తుంది. తలుపు తీసి వేసినప్పుడల్లా కీలు దగ్గర వంగి వంగి అక్కడ ఊడుతుంది, లేదా పగులుతుంది. ఆ నీళ్లకి సబ్బు వాసన ఉంటే ఇక వేరే చోట వెతకక్కర్లేదు.

వాన పడ్డాక డిక్కీ తీయగానే తలుపు మీది నీళ్లు నాలుగు చుక్కలు లోపల పడటం లీకేజీ కిందికి రాదు. అలాగే ముందు సీటు కాళ్ల దగ్గర తడి ఉంటే అది చాలాసార్లు ఏసీ నీళ్ల పైపు మూసుకుపోవడం వల్ల వచ్చేది, డిక్కీకి దానికీ సంబంధం లేదు.

నీటి పరీక్ష

దీనికి ఇద్దరుండాలి. ఒకరు బయట పైపుతో, ఒకరు లోపల టార్చితో. లోపలికి వెళ్లే మనిషి వెనక సీటు మడిచి, క్యాబిన్ వైపు దారి తెరిచి ఉన్నప్పుడే వెళ్లాలి. సీటు మడవడానికి వీల్లేని కారైతే మనిషిని లోపల పెట్టి మూయొద్దు. బదులుగా రేకంతా ఆరనిచ్చి, అనుమానం ఉన్న చోట్ల సుద్దపొడి గానీ టాల్కమ్ పౌడర్ గానీ చల్లండి. నీళ్లు వచ్చిన దారి పొడిలో గీత గీసినట్టు కనిపిస్తుంది. టిష్యూ పేపర్ ముక్కలు అతికించినా చాలు.

పైపుని సన్నటి ధారగా పెట్టండి. ప్రెషర్ వాషర్ వాడితే బాగున్న రబ్బరు కూడా నీళ్లు లోపలికి వదులుతుంది, మీకు దొంగ కాని దొంగ దొరుకుతాడు. అన్నిటికంటే ముఖ్యం, కింది నుంచి పైకి రావాలి. ముందే పైకప్పు మీద పోస్తే నీళ్లు జారుకుంటూ అన్నిటినీ తడిపేస్తాయి, ఏది లీకో తేలదు. ముందు బంపర్ అంచులు, తర్వాత టెయిల్ లైట్లు ఒక్కొక్కటి, తర్వాత డిక్కీ తలుపు రబ్బరు, వెనక అద్దం అంచు, చివర్లో పైకప్పు. ఒక్కో చోట మూడు నాలుగు నిమిషాలు ఆగండి. కొన్ని లీకులు బద్ధకంగా ఉంటాయి, లోపల ఎక్కడో నిండితే గానీ బయటపడవు.

పైపు పరీక్షలో దొరకకపోతే మరో ఉపాయం ఉంది. తలుపులు, అద్దాలు అన్నీ మూసి, బ్లోయర్‌ని బయటి గాలి మీద పెట్టి ఫుల్లుగా తిప్పండి. వెనక సీటు మడిచి ఉంచండి. బయట అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లితే, గాలి బయటికి వచ్చే చోట బుడగలు లేస్తాయి. పంక్చర్ చూసే పద్ధతే ఇది.

ఎక్కడెక్కడ లీకవుతుంది, ఏం చేయాలి

టెయిల్ లైట్లు. నన్నడిగితే ముందు ఇక్కడే చూడమంటాను. లోపలివైపు రెండు మూడు నట్లు విప్పితే లైటు బయటికి వస్తుంది. వెనక గాస్కెట్ అణిగిపోయిందా, చిరిగిందా చూడండి. కొత్త గాస్కెట్ దొరికితే మంచిదే, లేదంటే పాతది తీసేసి ఆ గాడిలో బ్యూటైల్ టేపు వేయొచ్చు. నల్లగా, మెత్తగా, బంకలా ఉంటుంది, ఎండిపోయి పగలదు, మళ్లీ బల్బు మార్చాలంటే లైటు ఊడి వస్తుంది. నట్లు ఒక్కోటి కొంచెం కొంచెంగా, సమానంగా బిగించండి. బలం చూపిస్తే ప్లాస్టిక్ పగిలి అసలు లైటే పోతుంది. డిక్కీ మీదుండే మూడో బ్రేక్ లైటు, నంబర్ ప్లేటు లైటు, స్పాయిలర్ బోల్టులు, యాంటెనా అడుగు కూడా ఇదే జాతి. రేకులో చిల్లు, దాని మీద చిన్న రబ్బరు.

డిక్కీ తలుపు రబ్బరు. మెకానిక్‌లు బీడింగ్ అంటారు. ఒక కాగితం ముక్క దాని మీద పెట్టి డిక్కీ మూసి లాగండి. బిగువుగా రావాలి. సులువుగా జారి వచ్చేస్తే అక్కడ రబ్బరు ఆనడం లేదు. చుట్టూ ఇలా పది చోట్ల చూడండి. ఒక్క వైపే వదులుంటే రబ్బరు మార్చే ముందు తలుపు సరిగ్గా కూర్చుంటోందా చూసుకోండి. లాక్ పట్టే కొక్కేన్ని బోల్టులు వదులు చేసి కొంచెం కిందికి జరిపితే చాలాసార్లు సరిపోతుంది. పాత స్థానం చుట్టూ పెన్సిల్‌తో గీత గీసుకున్నాకే జరపండి. రబ్బరు గట్టిపడిపోయి, చీలిపోయి ఉంటే మార్చడమే. పాతదాని అతుకు ఎక్కడ ఉందో చూసుకుని కొత్తదాన్నీ అక్కడే కలపండి. బాగున్న రబ్బరుని తుడిచి సిలికాన్ గ్రీజు పల్చగా రాయండి. పెట్రోలియం జెల్లీ, ఇంజిన్ ఆయిల్ లాంటివి రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఆ రబ్బరు బయట చుట్టూ ఉండే కాలువని కూడా శుభ్రం చేయండి. ఆకులు పేరుకుంటే నీళ్లు పొంగి రబ్బరు మీదుగా లోపలికి వస్తాయి.

రేకుల అతుకులు. బాడీ రేకులు కలిసే చోట కంపెనీ సీమ్ సీలర్ పూస్తుంది. ఏళ్లు గడిస్తే అది పగులుతుంది. పైకప్పు రెండు వైపులా ఉండే సన్నటి నల్ల పట్టీల కింద, డిక్కీ కీళ్ల దగ్గర, చక్రం పైభాగంలో చూడండి. వెనక ఎప్పుడైనా గుద్దుకుని టింకరింగ్ జరిగిన కారైతే అనుమానం ఇంకా ఎక్కువ, రేకు సరిచేసి రంగు వేసినవాళ్లు సీలర్ పూయడం మర్చిపోయి ఉండొచ్చు. పగిలినదాన్ని గీకి, ఆరబెట్టి, కార్ల కోసం అమ్మే సీమ్ సీలరే పూయండి. వెనిగర్ వాసన వచ్చే బాత్‌రూమ్ సిలికాన్ వద్దు. అది గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, రంగు ఊడిన రేకుని తుప్పు పట్టిస్తుంది, పైగా దాని మీద పెయింట్ అంటుకోదు.

గాలి రంధ్రాలు. బంపర్ వెనక పక్కల్లో ప్లాస్టిక్ చట్రంలో రబ్బరు రెక్కలు ఉంటాయి. తలుపు వేసినప్పుడు లోపలి గాలి బయటికి పోయేది వీటి గుండానే. లీకు చట్రం చుట్టూ ఉండే స్పాంజి వల్ల వస్తుంది కాబట్టి చట్రం అంచునే సీల్ చేయాలి. రెక్కల్ని మూసేస్తే తలుపులు సరిగ్గా పడవు, అద్దాలకి ఆవిరి పడుతుంది.

సన్‌రూఫ్ ఉన్న కార్లలో దాని మూలల నుంచి నీళ్లు పోయే సన్న గొట్టాలుంటాయి. వెనకవి మూసుకుపోయినా ఊడినా డిక్కీ తడుస్తుంది. పలచటి నైలాన్ తీగని మెల్లగా దూర్చి శుభ్రం చేయండి. కంప్రెసర్ గాలి కొడితే లోపల గొట్టం జాయింటు ఊడి, సీలింగ్ విప్పాల్సి వస్తుంది.

వెనక అద్దం అంచు లీకయితే మాత్రం మనం చెయ్యి పెట్టొద్దు. అద్దం తీసి, యూరేథేన్ అనే జిగురుతో మళ్లీ అంటించాల్సిన పని అది. అద్దాలు వేసేవాళ్లకే వదిలేయండి. ఈలోగా వాన ఆగేలా లేకపోతే, అద్దమైనా లైటైనా, పై అంచు మీద వెడల్పాటి వాటర్‌ప్రూఫ్ టేపు అంటించండి. చూడ్డానికి బాగోదు, కానీ నాలుగు రోజులు గడుస్తాయి.

వాసన, తుప్పు

కార్పెట్ కింది ఫోమ్ స్పాంజిలా నీళ్లు పీల్చుకుంటుంది, పైన పొడిగా ఉన్నా లోపల వారాల తరబడి తడే. బయటికి తీసి ఎండలో నిలబెట్టడం కంటే మంచి మందు లేదు. ఎండ లేకపోతే ఫ్యాన్ కింద పెట్టండి. బూజు పట్టి ఉంటే మాస్క్ కట్టుకుని, ఆరుబయట బ్రష్ చేయండి. వాసన పోకపోతే ఆరిన కార్పెట్ మీద బేకింగ్ సోడా చల్లి ఒక రాత్రి ఉంచి వ్యాక్యూమ్ చేయొచ్చు. తడి ఉండగా సెంటు సీసా వేలాడదీస్తే ముక్కవాసనకి మల్లెపూల వాసన తోడవుతుంది, అంతే.

గుంటలో తుప్పు మొదలైతే వైర్ బ్రష్‌తో రుద్ది, తుప్పు నిరోధక ప్రైమర్, దాని మీద పెయింట్ వేయండి. రేకు వేలితో నొక్కితే లోపలికి పోతుంటే వెల్డింగ్ చేసేవాళ్లని పిలవాలి. జాకీ, పానాలు కూడా చూసుకోండి. దారి మధ్యలో టైరు మార్చాల్సి వచ్చినప్పుడు జాకీ స్క్రూ తిరగకపోతే ఆ టెన్షన్ వేరు.

ప్యానెళ్లన్నీ వెంటనే బిగించేయకండి. అదే పైపు, అదే చోట, అంతే సేపు మళ్లీ పోసి చూడండి. రెండు లీకులు ఉండే కార్లు చాలానే, ఒకటి మూశాక రెండోది బయటపడుతుంది. ఇప్పుడు కూడా పొడిగా ఉంటే బిరడా పెట్టి, గుంటలో ఒక పాత న్యూస్‌పేపర్ పరిచి, రెండు మూడు వానల దాకా చూస్తూ ఉండండి. పేపర్ పెళపెళలాడుతుంటే స్టెప్నీ లోపల పెట్టేయొచ్చు. ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి, పెట్టేముందు అందులో గాలి ఎంతుందో కూడా చూడండి.