రాత్రి రెండు గంటలకు ఎవరు లేస్తారు?

మా పాపకు ఏడు నెలలు. తొలికాన్పుకు సిద్ధమవుతున్న స్నేహితులు ఎవరైనా "ఏమేం కొనాలి?" అని అడిగితే ముందు నేనే ఒక ప్రశ్న వేస్తాను: "రాత్రి రెండు గంటలకు బిడ్డ ఏడిస్తే ఎవరు లేస్తారు? ఇద్దరూ మాట్లాడుకున్నారా?" చాలామంది ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మేమూ మాట్లాడుకోలేదు. ఎనిమిదో నెలలో ఊయల ఎంచుకోవడానికి మూడు సాయంత్రాలు పట్టింది కానీ, రాత్రుళ్ళ సంగతి ఒక్కసారి కూడా మా మాటల్లోకి రాలేదు. ఇంటికి వచ్చిన రెండో రాత్రి, పాపను ఒడిలో పెట్టుకుని, కళ్ళు మూతలు పడుతుండగా నా భార్య అంది: "నాకు సలహాలు వద్దు. ఒక్క గంట నిద్ర కావాలి." ఆ మాట దగ్గర నుంచి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. ఇద్దరూ కలిసి చదవండి. ముఖ్యంగా తండ్రి కాబోయేవారు చదవండి.

ముందు లెక్క చూడండి. పుట్టిన కొత్తలో బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగుతుంది. పదిసార్లు అనుకుని, ఒక్కోసారి అరగంట వేసుకున్నా తల్లికి ఐదు గంటలు పాలివ్వడానికే పోతాయి. అది ఇంకెవరూ తీసుకోలేని పని. అయితే పాలు తాగాక త్రేన్పు తెప్పించాలి, తడిసిన గుడ్డ మార్చాలి, మళ్ళీ నిద్రపుచ్చాలి. ఇవన్నీ కలిపి ఒక్కోసారి ఇరవై నిమిషాలు. ఆ ఇరవై నిమిషాలు నేను తీసుకున్నాను. పదిసార్లకు మూడు గంటల ఇరవై నిమిషాలవుతుంది. అంత సమయం ఆమె నిద్రలో కలిసింది. బయట ఉద్యోగం ఉన్నవారు పగటివి చేయలేకపోవచ్చు. అప్పుడు రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట వరకు మీది, తర్వాత ఆమెది, లేదా అటుది ఇటు. ఏ ఏర్పాటైనా సరే, బిడ్డ పుట్టకముందే అనుకుని కాగితం మీద రాసుకోండి. నిద్ర లేని మనుషులు అర్ధరాత్రి పని పంచుకోలేరు, గొడవపడతారు.

ప్రసవానికి ముందు

గర్భం కోసం ఇంకా ప్రయత్నంలోనే ఉంటే ఫోలిక్ యాసిడ్ ఇప్పుడే మొదలుపెట్టాలి. సాధారణంగా రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం దాల్చక ముందు నుంచి మొదటి 12 వారాల వరకు. బిడ్డ వెన్నుపాము రూపుదిద్దుకునేది తొలి వారాల్లోనే, చాలామందికి గర్భమని తెలిసేలోపే. కొందరికి ఎక్కువ మోతాదు అవసరం, అది డాక్టరు చెబుతారు.

డాక్టరు చెప్పిన తేదీని గోడ మీద రాసుకుని దాని కోసమే ఎదురుచూడకండి. సరిగ్గా ఆ రోజున పుట్టే బిడ్డలు ఇరవైమందిలో ఒకరు ఉంటారేమో. 37 నుంచి 42 వారాల మధ్య ఎప్పుడైనా రావచ్చు. అందుకని 36వ వారానికల్లా సంచి సర్దేయండి: పరీక్షల కాగితాలు, తల్లికి ముందు విప్పుకునే వీలున్న వదులు దుస్తులు, పెద్ద ప్యాడ్లు, బిడ్డకు ఉతికి ఆరబెట్టిన మెత్తని నూలు గుడ్డలు, టోపీ, డైపర్లు, ఫోను ఛార్జర్. తండ్రికి కూడా ఒక జత బట్టలు. ఆసుపత్రికి వెళ్ళే దారిలో రాత్రిపూట ఒకసారి వెళ్ళి చూడండి. ఏ గేటు తెరిచి ఉంటుందో, ఎవరిని పిలవాలో ముందే తెలియాలి. నొప్పుల సమయంలో తోడుగా ఒకరిని ఉండనిస్తారా, పుట్టిన వెంటనే బిడ్డను తల్లి గుండెల మీద పడుకోబెడతారా అనేది కూడా ముందుగానే అడగండి.

కడుపులో బిడ్డ కదలిక తల్లికి బాగా తెలుస్తుంది. రోజూ ఉండే కదలిక తగ్గిందనిపిస్తే తెల్లవారే దాకా ఆగకండి. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు ఒక్కసారిగా వాయడం, పక్కటెముకల కింద నొప్పి కూడా అంతే. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే వెళ్ళండి.

అసలైన నొప్పులు ఒక క్రమంలో వస్తాయి. పోనుపోను దగ్గరవుతాయి, బలపడతాయి, పడుకున్నా నడిచినా తగ్గవు. తొలికాన్పులో చాలామంది డాక్టర్లు చెప్పే కొలత ఇది: ఐదు నిమిషాలకు ఒకటి చొప్పున, ఒక్కోటి నిమిషం పాటు, గంటసేపు అలాగే వస్తుంటే బయలుదేరాలి. ఆసుపత్రి దూరమైనా, ఆమెకు బీపీ వంటి సమస్య ఉన్నా ఇంకా ముందే వెళ్ళాలి. గడియారం చూసి రాయడం తండ్రి పని. నొప్పి వచ్చిన ప్రతిసారీ నేను సమయం రాసి, ఆమె నడుము మీద అరచేతితో గట్టిగా నొక్కి పట్టేవాణ్ణి. మాటలకంటే అదే ఎక్కువ ఊరట ఇచ్చిందని తర్వాత చెప్పింది.

మొదటి గంట, మొదటి వారం

పుట్టిన బిడ్డ కొత్తవారిని కంగారుపెడుతుంది. తల కాస్త సాగినట్టు ఉండవచ్చు, చేతులు పాదాలు మొదట నీలంగా ఉండవచ్చు, ఒంటి మీద వెన్న పూసినట్టు తెల్లటి పూత ఉంటుంది. ఆ పూత చర్మానికి రక్షణ, రుద్ది తీయనక్కరలేదు. బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగాలని, గంటలోపే తల్లిపాలు పట్టించాలని, మొదటి స్నానానికి 24 గంటలు ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు. రక్తస్రావం కాకుండా కాపాడే విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారో లేదో అడిగి తెలుసుకోండి. సిజేరియన్ జరిగి తల్లి ఇంకా కోలుకోకపోతే, ఆసుపత్రి వారు ఒప్పుకుంటే, తండ్రి చొక్కా విప్పి బిడ్డను గుండెలకు ఆనించుకోవచ్చు. ఆ వేడి బిడ్డకు అవసరం.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ భయపెట్టే మాట దగ్గరికి వస్తాను: "పాలు సరిపోవడం లేదేమో." మాకు మూడో రోజున ఈ మాట ఇంట్లో పదిసార్లు వినిపించింది. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి చిక్కటి ముర్రుపాలు. చెంచాల కొలతే. బిడ్డ పొట్ట కూడా అంతే చిన్నది. పాలు నిండుగా పడేది మూడో రోజు నుంచి ఐదో రోజు మధ్య. ఈలోపు బిడ్డ కొంత బరువు తగ్గడం సహజం. మా పాప పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాములు, మూడో రోజున 2 కిలోల 700. అది దాదాపు ఏడు శాతం. పది శాతం దాకా తగ్గితే డాక్టరు పాలు తాగే తీరును జాగ్రత్తగా చూడాలి. రెండు వారాలకల్లా పుట్టిన బరువుకు తిరిగి రావాలి. మా పాప పన్నెండో రోజున వచ్చింది.

ఎన్ని పాలు తాగిందో కొలవలేం కానీ, ఎన్ని గుడ్డలు తడిపిందో లెక్కపెట్టగలం. మొదటి రోజు కనీసం ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరిగి ఐదారు రోజులకు రోజుకు ఆరు దాటాలి. విరేచనం మొదట తారులా నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, నాలుగైదు రోజులకు పసుపు రంగులోకి మారాలి. నేను ఒక నోటు పుస్తకంలో గీతలు గీసి, ఏ సమయానికి పాలు తాగింది, ఎన్ని గుడ్డలు తడిసాయి, ఏ రంగు అనేది రాసేవాణ్ణి. ఐదో రోజున ఏడు గీతలున్న పేజీ చూపించాక నా భార్య ఏడుపు ఆపుకుంది. ఆమెకు నచ్చజెప్పింది నా ధైర్యవచనాలు కాదు, ఆ ఏడు గీతలు.

పాలిచ్చేటప్పుడు పక్కన కూర్చోవడానికి ఇంకో కారణం ఉంది. పై నుంచి చూసే తల్లికి బిడ్డ కింది పెదవి కనబడదు, మనకు కనబడుతుంది. నోరు బాగా తెరుచుకుందా, గడ్డం రొమ్ముకు ఆనిందా, చనుమొన ఒక్కటే కాక చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళిందా అని చూసి చెప్పండి. నొప్పి అలాగే ఉంటే బిడ్డ నోటి మూలలో చిటికెన వేలు పెట్టి పట్టు వదిలించి, మళ్ళీ మొదలుపెట్టాలి. పళ్ళ బిగువున ఓర్చుకోమని ఆమెకు ఎవరు చెప్పినా వినవద్దు. అలా ఓర్చుకుంటే పుళ్ళు పడతాయి. ఆరు నెలల వరకు తల్లిపాలే చాలు, నీళ్ళు కూడా అక్కరలేదు. ఏ కారణంగానైనా పోతపాలు పట్టవలసి వస్తే అది ఓటమి కాదు. అప్పుడు రాత్రి సీసా పట్టే పని కూడా సగం మీదే.

పడక గురించి నాది కఠినమైన పట్టుదల. బిడ్డను ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టాలి. గట్టిగా, చదునుగా ఉన్న పరుపు చాలు. దిండు, బొమ్మలు, మందపాటి దుప్పటి ఏవీ ఉండకూడదు. మీ గదిలోనే, కానీ తన సొంత పడకలో. ఊయలతో పాటు వచ్చిన ముచ్చటైన దిండ్ల జత మేము అటక మీద పెట్టేశాం. అన్నిటికంటే ప్రమాదం సోఫాలో బిడ్డను ఎత్తుకుని కునుకు తీయడం. అలసిన వాళ్ళకు అది తెలియకుండానే జరుగుతుంది. రాత్రి వంతులు వేసుకోమని ఇంతగా చెప్పడం అందుకే.

బొడ్డును పొడిగా ఉంచి, డైపర్ దాని కిందికి మడిస్తే చాలు. ఒకటి రెండు వారాల్లో రాలిపోతుంది. చూడవచ్చేవారు చేతులు కడుక్కోవాలి, జలుబు ఉన్నవారు తర్వాత రావాలి. ఈ మాట తలుపు దగ్గర తండ్రే చెప్పాలి, బాలింత చేత చెప్పించకూడదు.

ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళవలసినవి మా గది తలుపు మీద అంటించుకున్నాం. బిడ్డ పాలు తాగకపోవడం, లేపినా లేవనంత మగతగా ఉండడం, మూర్ఛ, ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా నిమిషానికి 60 సార్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఊపిరి తీయడం, ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, చంకలో ఉష్ణోగ్రత 37.5 డిగ్రీల సెల్సియస్‌కు చేరడం లేదా 35.5 కంటే తగ్గడం, మొదటి 24 గంటల్లోనే కామెర్లు కనిపించడం, తర్వాతైనా ఆ పసుపు అరచేతులకూ అరికాళ్ళకూ పాకడం. బొడ్డు చుట్టూ ఎర్రగా వాచినా, చీము కారినా చూపించాలి.

రెండో వారం దాటాక ఏడుపు పెరుగుతుంది. ఆరో వారం ప్రాంతంలో తారస్థాయికి చేరి, మూడు నాలుగు నెలలకు తగ్గుతుంది. ఆకలి, తడి, వేడి, చలి అన్నీ చూశాక కూడా ఏడుస్తూనే ఉంటే అది మీ తప్పు కాదు. మీ లోపల కోపం పొంగుతున్నట్టు అనిపిస్తే బిడ్డను పడకలో వెల్లకిలా పెట్టి, గది బయట ఐదు నిమిషాలు నిలబడండి. ఎంత విసుగొచ్చినా పసిబిడ్డను కుదపకూడదు. మెదడులో రక్తస్రావం అవుతుంది.

తల్లికి ఒక పేజీ

నోటు పుస్తకంలో సగం పేజీలు పాపవైతే, వెనక నుంచి మొదలుపెట్టి మిగతావి నా భార్యవి. ఎన్ని గంటలు నిద్రపోయింది, జ్వరం ఉందా, రక్తస్రావం ఎలా ఉంది, మనసు ఎలా ఉంది. గంటలో ఒక ప్యాడ్ పూర్తిగా తడిసినా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా, ఆయాసం, గుండెల్లో నొప్పి, ఒక కాలు మాత్రమే వాయడం ఉన్నా అది అత్యవసరం. బీపీ ప్రమాదం ప్రసవంతో తీరిపోదు, తర్వాత ఆరు వారాల దాకా ఉంటుంది.

మూడో రోజు నుంచి కారణం లేకుండా కన్నీళ్ళు రావడం చాలామందిలో ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. అంతకు మించి సాగితే, బిడ్డ నిద్రపోతున్నా తనకు నిద్ర పట్టకపోతే, దేని మీదా ఆసక్తి లేకపోతే, తనను గానీ బిడ్డను గానీ ఏమైనా చేసుకుంటానేమో అన్న భయం మాటల్లో వినిపిస్తే, ఒంటరిగా వదలకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. ఇది జబ్బు, దీనికి చికిత్స ఉంది.

ఆరో వారం పరీక్షకు బిడ్డ టీకాల కార్డు అందరూ గుర్తుపెట్టుకుంటారు. తల్లికీ అదే వారం పరీక్ష ఉండాలి, దానికి ఆమె పేరు మీద విడిగా సమయం తీసుకోండి. మేము వెళ్ళినప్పుడు డాక్టరు "నిద్ర ఎలా ఉంది?" అని అడిగారు. నా భార్య పుస్తకం వెనక వైపు తెరిచి చూపించింది. మొదటి వారం రోజుకు మూడు గంటలు, ఆరో వారానికి ఆరున్నర.