పాత ఇంటి పెరట్లో లైలాక్ ఉంటే కొట్టేయకండి

అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో పాత ఇల్లు కొన్నారా? పెరటి మూలన గుండె ఆకారపు ఆకులతో గుబురుగా పెరిగిన పొద ఉంటే తొందరపడి కొట్టేయకండి. అది లైలాక్ కావచ్చు. మన మల్లె, పారిజాతాల కుటుంబమే! ఇల్లు కూలిపోయి పునాది రాళ్లే మిగిలినచోట కూడా పిలకలు వేసుకుంటూ ఏటా మే నెలలో పూస్తూనే ఉంటుంది. ఎంత మొండి ప్రాణమో!

పూత తగ్గిందా? పూలు వాడగానే బాగా ముదిరిన కాండాల్లో మూడో వంతు నేలమట్టానికి కోయండి. ఇలా 3 ఏళ్లు చేస్తే పొద మొత్తం కొత్తదవుతుంది. వేసవి చివర్లో మాత్రం కత్తెర పెట్టొద్దు, అప్పటికే వచ్చే ఏటి మొగ్గలు కట్టేసి ఉంటాయి. పిలక కావాలంటే ఆకు రాకముందే వేళ్లతో సహా తవ్వి నాటుకోండి.