శాండ్‌విచ్ బాగోలేదా? కౌంటర్ దగ్గరే తేల్చుకోండి

శాండ్‌విచ్ మీద ఫిర్యాదుకి ఆయుష్షు తక్కువ. పావుగంట దాటిందంటే బ్రెడ్ దుకాణంలోనే నానిందో, మీ సంచిలో నానిందో ఎవరూ చెప్పలేరు. సగం పైగా తిన్నాక వెళ్తే అసలు వినరు. అందుకే కౌంటర్ దాటకముందే కాగితం విప్పి చూసుకోవాలి. వెనక వరసలో జనం ఉన్నారని మొహమాటపడితే నష్టం మీకే. ఒక పక్కకి జరిగి చూసుకోండి, అర నిమిషం పని.

ముందు బిల్లుతో సరిపోల్చండి. అడిగిన బ్రెడ్డేనా, అదనంగా డబ్బు కట్టిన చీజ్ పడిందా, వద్దన్నది పడలేదు కదా? కోసిన అంచు చూసి తృప్తిపడొద్దు. నిండుగా కనబడాలని ఫిల్లింగ్ అంతా మధ్యకి పోగేసి కోయడం మామూలే. పై ముక్క ఎత్తి, నాలుగు మూలలూ చూడండి. మూలల్లో ఉత్త బ్రెడ్డే ఉంటే ఆ మాట అక్కడే చెప్పాలి.

బ్రెడ్ నానిపోతే కారణం ఎక్కడుందో కనిపెట్టడం కష్టం కాదు. టమాటాలో నూటికి 94 పాళ్ల దాకా నీళ్లే. ఉప్పు తగిలిందంటే ఆ నీరు ఇంకా త్వరగా దిగుతుంది. అందుకే టమాటాని బ్రెడ్‌కి ఆనించకుండా చీజ్‌కీ ఆకుకీ మధ్యన పెట్టాలి. బ్రెడ్ లోపలి వైపు అంచుల దాకా వెన్నో, మయోనైజో రాస్తే ఆ కొవ్వు పొర తడిని కొంతసేపు ఆపుతుంది. మధ్యలో ఒక చుక్క వేసి వదిలేస్తే లాభం లేదు. ఆకుకూర కడిగి ఆరబెట్టకుండా వేసినా ఇదే గతి. కింది ముక్క మాత్రమే నానితే సాస్ ఎక్కువైందని, రెండు వైపులా మెత్తబడి కాగితం లోపల చెమట పట్టి ఉంటే వేడిగా ఉండగానే బిగించి చుట్టేశారని అర్థం. రెండోది పూర్తిగా వాళ్ల తప్పే, కొత్తది అడగొచ్చు.

గ్రిల్ చేసిన దాంట్లో తరచూ వచ్చే తంటా వేరు: పైన మాడి, లోపల చల్లగా, చీజ్ కరక్కుండా ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ఫిల్లింగ్‌ని మరీ వేడి పెనం మీద తొందరగా నొక్కితే ఇలాగే అవుతుంది. దాన్నే మళ్లీ గ్రిల్‌లో పెడితే బ్రెడ్ ఇంకాస్త మాడుతుంది. మైక్రోవేవ్‌లో వేడి చేసిస్తామంటే వద్దనండి. చల్లారేసరికి బ్రెడ్ రబ్బరులా సాగుతుంది. తక్కువ సెగ మీద, ఎక్కువసేపు, కొత్తది చేయమనడమే మార్గం.

ఇక చెప్పే తీరు. చాలామంది “అస్సలు బాగోలేదండీ” అంటారు. దానికి అవతలివాళ్లు ఏం చేయగలరు? తప్పేమిటో ఒక్క ముక్కలో చెప్పి, మీకేం కావాలో వెంటనే అడగాలి:

“ఏమండీ, ఉల్లిపాయ వద్దని చెప్పాను, బిల్లు మీద కూడా ఉంది. చూడండి, ఇందులో పడింది. ఇంకోటి చేసిస్తారా?”

శాండ్‌విచ్ విప్పి వాళ్ల ముందు పెట్టి ఈ మాట అంటే చాలావరకు పని అయిపోతుంది. కౌంటర్లో ఉన్నవాళ్లకి డబ్బు వాపసు ఇచ్చే అధికారం ఉండకపోవచ్చు. వాళ్ల మీద అరిచి లాభం లేదు, మేనేజర్‌ని పిలవమనండి. చీజ్ మరిచిపోతే చీజ్ వేయించుకుంటే చాలు. బ్రెడ్ పాడైతే కొత్తది. తినాలనే అనిపించకపోతే డబ్బు వాపసు అడగండి, కూపన్‌తో సరిపెట్టుకోనక్కర్లేదు.

అలర్జీ ఉన్నవాళ్లు మాత్రం సర్దుకుపోకూడదు. పడకూడనిది పడ్డాక దాన్ని ఏరేసి ఇస్తే అది సురక్షితం కాదు, ఆనవాళ్లు ఉండిపోతాయి. చేతి తొడుగులు మార్చి, శుభ్రమైన కత్తితో, వేరే కోత పలక మీద మొదటి నుంచి చేయమనాలి. మయోనైజ్‌లో గుడ్డు, కొన్ని సాసుల్లో ఆవాలు, బ్రెడ్ మీద నువ్వులు ఉండొచ్చని ఆర్డర్ ఇచ్చేటప్పుడే గుర్తుంచుకోండి.

వాసన తేడాగా ఉన్నా, మాంసం జిగురుగా తగిలినా రుచి చూడకుండా పక్కన పెట్టేయండి. చల్లని ఫిల్లింగ్ 5 డిగ్రీల సెల్సియస్ లోపు, వేడిది 60 డిగ్రీల పైన ఉండాలి. ఆ రెంటికీ మధ్య 2 గంటలకు మించి ఉన్నది తినదగ్గది కాదు. గుడ్డు, చికెన్ గిన్నెలు చల్లదనం లేకుండా బయటే కనబడితే ఆర్డరే ఇవ్వొద్దు.

ఇంటికి తెప్పించుకుంటే కౌంటర్ ఉండదు కాబట్టి ఫోటోలే సాక్ష్యం. కొరకకముందే మూడు తీయండి: చుట్టిన కాగితం మీది చీటీ, పై ముక్క ఎత్తిన శాండ్‌విచ్, బిల్లు. బిల్లు నంబరు, తేదీ, అందిన సమయం, తప్పేమిటో రెండు వాక్యాల్లో రాసి వెంటనే పంపండి. అక్షింతలు వేస్తూ పేజీ నిండా రాస్తే అసలు విషయం అందులో మునిగిపోతుంది.

మళ్లీ అదే దుకాణంలో తెప్పించుకోవాల్సి వస్తే సాస్, టమాటా విడిగా పెట్టమని, వేడి శాండ్‌విచ్‌ని కాగితంలో వదులుగా చుట్టమని ఆర్డర్‌లోనే రాయండి.