ఒక పూల చెట్టుని, ఒక పాటల పిట్టని ఎలా పోల్చాలి?

ఒక పూల చెట్టుని, ఒక పాటల పిట్టని పోల్చే పిల్లల ప్రాజెక్ట్ అనగానే మన హైదరాబాద్‌లో చాలామంది తంగేడు, పాలపిట్ట అని మొదలుపెట్టేస్తారు, రెండూ తెలంగాణ గుర్తులే కదా అని. కానీ పాలపిట్ట పాటల పక్షి కాదండి, దాని క్రమమే (వర్గీకరణలో ఆర్డర్) వేరు, కొరాసీఫార్మిస్. అందుకే ముందు జత సరిగ్గా ఎంచుకోండి. నేనైతే ఎర్రచందనం, పసుపు గొంతు బుల్‌బుల్ తీసుకోమంటా, శేషాచలం కొండల్లో రెండూ ఉంటాయి, దాని పువ్వూ పసుపే దీని గొంతూ పసుపే. కేబీఆర్ పార్క్‌లో మనం చూసే నల్ల తల, తోక కింద ఎరుపు ఉన్న పిగిలిపిట్టతో దీన్ని కలిపేయొద్దు, అది వేరే జాతి.

తర్వాత శాస్త్రీయ నామాలు రాసుకోండి: టెరోకార్పస్ సాంటలైనస్, పిక్నోనోటస్ జాంథోలేమస్. పిట్ట పేరు పక్కన జెర్డన్, 1845 అని బ్రాకెట్లో ఉంటుంది, అంటే దానికి మొదట శాస్త్రీయ నామం పెట్టినాయన పేరు, ఆ సంవత్సరం. ఆ బ్రాకెట్‌ని వదిలేయకండి, ఆయన మొదట వేరే ప్రజాతిలో (జీనస్) పెట్టాడని, తర్వాత మార్చారని దానర్థం.

ఇప్పుడు రెండు కాలమ్స్ గీసి పైనుంచి కిందికి రండి. వర్గీకరణలో అన్నిటికన్నా పై మెట్లలో ఒకటైన రాజ్యం (కింగ్‌డమ్) దగ్గరే దారులు విడిపోతాయి, ఒకటి ప్లాంటే, ఇంకోటి యానిమేలియా. చెట్టుది ఫేబేలిస్ క్రమం, ఫేబేసీ కుటుంబం, అంటే మన చింత, కంది, తంగేడు అన్నీ దానికి చుట్టాలే. పిట్టది పాసెరిఫార్మిస్ క్రమం, పిక్నోనోటిడే కుటుంబం. మొక్కల కుటుంబం పేరు ఏసీ అని, జంతువులది ఇడే అని ముగుస్తుంది, ఇది చూస్తే చాలు ఎవరు ఏ వైపో తెలిసిపోతుంది.

అసలు పని ఆ తర్వాతే. ఏ జీవి అంతరించిపోయే ప్రమాదం ఎంతుందో చెప్పే అంతర్జాతీయ జాబితా ఐయూసీఎన్ రెడ్ లిస్ట్‌లో ఎర్రచందనం ఎన్‌డేంజర్డ్, బుల్‌బుల్ దానికి ఒక మెట్టు కింద వల్నరబుల్. చెట్టుకైనా పిట్టకైనా కొలమానం ఒకటే కాబట్టి నేరుగా పోల్చొచ్చు, చెట్టు ఒక మెట్టు ఎక్కువ ప్రమాదంలో ఉంది. కానీ అక్కడితో ఆపేస్తే ప్రాజెక్ట్ సగమే, కారణం కూడా రాయాలి. చెట్టుని దుంగల కోసం నరికి స్మగ్లింగ్ చేస్తున్నారు, పిట్టనేమో ఎవరూ నరకట్లేదు, అది బతికే రాళ్ల గుట్టల్నే క్వారీలు తినేస్తున్నాయి. ఎర్రచందనం సైటిస్ (అరుదైన జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది, ఈ బుల్‌బుల్ లేదు, అలాగని అది సేఫ్ అని రాసేయకండి, సైటిస్ చూసేది దేశాల మధ్య వ్యాపారాన్ని, క్వారీని కాదు.