వాచిన కాళ్లకు మడత పలక

మా మిర్యాలగూడ వైపు నాట్ల రోజుల్లో పొద్దంతా బురదలో వంగి వచ్చినవాళ్లు రాత్రి కాళ్ల కింద దిండ్లు పెట్టుకుంటారు. అర్ధరాత్రికి దిండు ఒక దిక్కు, కాలు ఒక దిక్కు! దీనికి మిగిలిపోయిన ప్లైవుడ్ ముక్కలు చాలు.

30 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పుతో 12 ఎంఎం పలకలు రెండు కోయించి, 18 అంగుళాల అంచున బందులతో పుస్తకంలా కలపాలి. పై పలక అడుగున, ఆ బందుల నుంచి 24 అంగుళాల దగ్గర, 10 అంగుళాల ఊతపలకను ఇంకో జత బందులతో వేలాడదీయాలి. కింది పలక మీద, మొదటి బందుల నుంచి 15, 17, 20 అంగుళాల దగ్గర అడ్డంగా చెక్క బద్దలు స్క్రూలతో బిగించాలి. మేకులైతే వారానికే ఊడతాయి. ఊతపలక అడుగు ఎప్పుడూ బద్దకు బయటి వైపే, అంటే మొదటి బందులకు దూరంగా ఉన్న వైపే ఆనాలి, లోపలి వైపు పెడితే జారుతుంది. కాళ్ల వైపు అంచు సుమారు 7, 10, 12 అంగుళాలు లేస్తుంది. చాలామందికి నడిమిదే హాయి.

పైన పాత బొంత పరిచి, మోకాలు కొద్దిగా వంగేలా దాని కింద తువ్వాలు చుట్ట పెట్టండి. మడమ పలకకు ఒత్తుకోకుండా అంచు దాటి ఉండాలి. నులక మంచం మీద ఇది ఊగుతుంది, నేల మీద చాపే నయం.

దెబ్బేమీ తగలకుండా ఒక్క కాలే వాచి, పిక్క వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం ఇది పనికిరాదు, అదే రోజు డాక్టరుకు చూపించాలి.