హబ్‌కు ఎన్ని పోర్టులుండాలి?

కంప్యూటర్‌లోని ఒక పోర్టును చాలా పోర్టులుగా మార్చే యూఎస్‌బీ హబ్ కొనేముందు ఇంట్లో ఉన్న పరికరాలన్నీ లెక్కపెట్టకండి. ఒకేసారి తగిలించి ఉంచాల్సినవి ఎన్నో చూడండి, చాలు. నా బల్ల మీద పొద్దంతా కదలనివి మూడు: కీబోర్డు, వైర్‌లెస్ మౌస్ రిసీవరు, మైకు. పెన్‌డ్రైవ్ వచ్చిపోతుంటుంది. ప్రింటరు వైఫైతో నడుస్తుంది కాబట్టి లెక్కలోకి రాదు. లాప్‌టాప్‌కు ఉన్నవి రెండు పోర్టులు. ఒకటి హబ్‌కే పోతుంది, రెండోది హార్డ్‌డిస్క్‌కు. అంటే నాకు నాలుగు పోర్టుల హబ్ సరిపోతుంది. ముందుచూపు పేరుతో పది పోర్టులది కొనేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. సగం పోర్టుల్లో దుమ్మే ఉంటుంది.

అసలు తిరకాసు కరెంటుతో. విడిగా అడాప్టర్ లేని హబ్ కంప్యూటర్ ఇచ్చేదాన్నే పంచుతుంది. ప్రమాణం ప్రకారం పాత తరం యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీ ఆంపియర్లు, దాని తర్వాతి 3.0 పోర్టు 900 ఇస్తాయి. హబ్‌కు నాలుగు పోర్టులున్నా, ఏడున్నా ఆ 900 పెరగదు. కీబోర్డు, మౌస్ అందులో కొంచెమే వాడుకుంటాయి. హార్డ్‌డిస్క్ అలా కాదు, తిరగడం మొదలుపెట్టేటప్పుడు దాదాపు మొత్తం తనకే కావాలంటుంది. చాలకపోతే టిక్ టిక్‌మని ఆగిపోతుంది, లేదా ఫైలు కాపీ అవుతుండగా మాయమవుతుంది. హబ్‌కే డిస్కులు తగిలించక తప్పదంటే అడాప్టర్ ఉన్న హబ్ తీసుకోండి. ఆ అడాప్టర్ మీద వాట్లు కూడా చదవండి. ఏడు పోర్టులకు తలా 900 చొప్పున 5 వోల్టుల దగ్గర 31.5 వాట్లు కావాలి. 10 వాట్ల అడాప్టర్‌తో వచ్చే ఏడు పోర్టుల హబ్ రెండు డిస్కులకు మించి మోయలేదు.

వేగమూ ఇలాగే ఉమ్మడి సొత్తు. 3.0 హబ్‌లో సెకనుకు 5 గిగాబిట్లు అన్ని పోర్టులకూ కలిపే. రెండు డిస్కుల్లోకి ఒకేసారి కాపీ చేస్తే పంచుకోక తప్పదు.

మౌస్ బాణం తెర మీద గెంతుతోందా? పక్క 3.0 పోర్టులో డిస్క్ ఉందేమో చూడండి. ఆ పోర్టుల నుంచి వచ్చే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ రిసీవర్లకు అడ్డుపడుతుంది. రిసీవరును చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో కాస్త దూరం జరిపితే కుదురుకుంటుంది.

చివరిగా పోర్టుల మధ్య ఎడం. లావుపాటి పెన్‌డ్రైవ్ ఒకటి పెడితే పక్కది మూసుకుపోయేంత ఇరుకుగా ఉంటే, డబ్బా మీద నాలుగని రాసినా మీ చేతికి దక్కేవి మూడే.